ప్రపంచంలో మొదటి ఐపీఓ, బందరు రేవు, మా నాన్న అడిగిన ప్రశ్న

కొత్తగా వచ్చిన వాళ్లకి ఒక్క మాట. నేను బీటెక్ చేసి, హైదరాబాద్‌లో నాలుగేళ్లు కోడ్ రాసి, తర్వాత ఉద్యోగం మానేసి ఈ కెమెరా ముందు కూర్చున్నాను. ఇక్కడ మనం డబ్బు చరిత్ర మాట్లాడుకుంటాం. ఏ షేర్ కొనాలి, ఏది అమ్మాలి అని నేను చెప్పను. నేను సెబీ రిజిస్టర్డ్ అడ్వైజర్‌ని కాను, నా దగ్గర టిప్స్ లేవు.

ఈరోజు ఐపీఓ గురించి. అంటే ఒక కంపెనీ మొదటిసారి జనం ముందుకు వచ్చి, మా కంపెనీలో వాటా కొనుక్కోండి అని అడగడం. ముందు నా సొంత అనుభవం చెప్పి, అక్కడి నుంచి 400 ఏళ్లు వెనక్కి వెళ్దాం.

2021 గుర్తుందా? ఐపీఓల వాన. మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పొద్దున లేస్తే "అప్లై చేశావా", "అలాట్ అయ్యిందా" తప్ప ఇంకో మాట లేదు. నేనూ ఒక యాప్ తెరిచి, యూపీఐ మాండేట్ ఓకే చేసి, ఒక లాట్‌కి అప్లై చేశా. దాదాపు 15 వేలు. అలాట్ అయ్యింది. ఆ ఆనందంలో టీమ్ మొత్తానికి సమోసాలు తెప్పించా. లిస్టింగ్ రోజు పొద్దున పది గంటలకి చూస్తే స్క్రీన్ అంతా ఎరుపు. సాయంత్రానికి నా 15 వేలు 11 వేలకి వచ్చాయి. సమోసాల ఖర్చు అదనం.

ఆ వారాంతం మా ఊరు పెడన వెళ్లాను. నాన్నది బట్టల మీద అద్దకం పని. అన్నం తింటూ జరిగింది చెప్పా. నాన్న చాలా మామూలుగా అడిగారు.

"కంపెనీ మూసేశారా?"

"లేదు నాన్నా, బానే నడుస్తోంది."

"మరి నీ డబ్బు వాళ్ల దగ్గరే ఉంది కదరా. నాకొద్దు, నా డబ్బు నాకిచ్చేయండి అని అడుగు."

"అలా ఇవ్వరు నాన్నా."

"ఎందుకివ్వరు? చీటీ వేసినా ఆఖరికి ఇస్తారు గదా."

నేను నవ్వి ఊరుకున్నా. నిజం చెప్పాలంటే నా దగ్గర సమాధానం లేదు. "సిస్టమ్ అంతే" అనేశా. కానీ ఆ సిస్టమ్‌ని ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు తయారు చేసి ఉండాలి కదా? వెతుక్కుంటూ పోతే కథ ఆమ్‌స్టర్‌డామ్‌కి వెళ్లింది. అక్కడి నుంచి తిరిగి తిరిగి మా ఊరికి పది, పన్నెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న రేవుకే వచ్చి ఆగింది.

ఒక్కో ఓడకి ఒక్కో లెక్క

1590ల్లో యూరప్‌లో మిరియాలు, లవంగాలు, జాజికాయ, జాపత్రి అంటే బంగారంతో సమానం. అవన్నీ ఆసియా నుంచి రావాలి. ఆ దారి అప్పటికి పోర్చుగీసు వాళ్ల చేతిలో ఉంది. డచ్ వాళ్లు, అంటే ఇప్పటి నెదర్లాండ్స్ వాళ్లు, మనమే ఎందుకు వెళ్లకూడదు అనుకున్నారు. 1595లో నాలుగు ఓడలు బయల్దేరాయి. దాదాపు 250 మంది ఎక్కారు. రెండేళ్ల తర్వాత మూడు ఓడలు తిరిగొచ్చాయి. బతికి వచ్చిన వాళ్లు 90 మంది కూడా లేరు. లాభం పెద్దగా రాలేదు. కానీ దారి దొరికింది.

ఆ తర్వాత ఊరికో కంపెనీ పుట్టింది. ఆ కంపెనీలు ఎలా పనిచేసేవో మనకి తేలిగ్గా అర్థమవుతుంది. మన దగ్గర నలుగురు ప్రొడ్యూసర్లు కలిసి ఒక సినిమా తీసి, రిలీజ్ అయ్యాక వచ్చింది పంచుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్తారు చూడండి, అలా. వ్యాపారులు కలిసి డబ్బు వేస్తారు, ఓడలు కొంటారు, సరుకు తెస్తారు, అమ్ముతారు. అసలు, లాభం పంచుకుంటారు. కంపెనీ అక్కడితో అయిపోతుంది. మళ్లీ ఓడ వెళ్లాలంటే మళ్లీ మొదటి నుంచి డబ్బు పోగుచేయాలి.

గమనించారా, ఈ పద్ధతిలో మా నాన్న ప్రశ్నకి జవాబు ఉంది. ఓడ తిరిగొస్తే నీ డబ్బు నీకు తిరిగొస్తుంది. ఓడ మునిగితే పోతుంది. ఎలా చూసినా రెండు మూడేళ్లలో లెక్క తేలిపోతుంది.

ఇబ్బంది ఎక్కడ వచ్చిందంటే, ఈ డచ్ కంపెనీలు తమలో తామే పోటీ పడ్డాయి. అందరూ ఒకే రేవులో దిగి మిరియాలు కొంటుంటే అక్కడ ధర పెరిగిపోయేది. అందరూ ఒకేసారి తెచ్చి అమ్ముతుంటే ఇక్కడ ధర పడిపోయేది. పైగా డచ్ వాళ్లకి అప్పుడు స్పెయిన్‌తో యుద్ధం నడుస్తోంది. పోర్చుగల్ కూడా స్పెయిన్ రాజు కిందే ఉంది. కాబట్టి ఆసియాలో ఒక పెద్ద కంపెనీ ఉంటే, అది వ్యాపారమూ చేస్తుంది, యుద్ధమూ చేస్తుంది అని ప్రభుత్వం లెక్కేసుకుంది. యోహాన్ వాన్ ఓల్డెన్‌బార్నెవెల్ట్ అనే పెద్ద నాయకుడు దగ్గరుండి అందరినీ ఒక్కటి చేశాడు.

1602 మార్చి 20న డచ్ ఈస్టిండియా కంపెనీ పుట్టింది. వాళ్ల భాషలో పొట్టిగా వీఓసీ. 21 ఏళ్లపాటు ఆసియా వ్యాపారం మొత్తం వాళ్లకే. కోటలు కట్టుకోవచ్చు, సైనికుల్ని పెట్టుకోవచ్చు, రాజులతో ఒప్పందాలు చేసుకోవచ్చు. ఒక ప్రైవేటు కంపెనీకి ఇన్ని అధికారాలు.

పనిమనిషి వంద గిల్డర్లు

ఇంత పెద్ద కంపెనీకి డబ్బు ఎక్కడిది? ఇక్కడే అసలు మలుపు. కంపెనీ చార్టర్‌లో ఒక నిబంధన రాశారు: ఈ దేశంలో నివసించే ఎవరైనా ఇందులో వాటా తీసుకోవచ్చు. కనీసం ఇంత పెట్టాలి అన్న షరతు లేదు. అందుకే చాలామంది చరిత్రకారులు దీన్నే ప్రపంచంలో మొదటి ఐపీఓ అంటారు.

అప్లై చేయడానికి యాప్ లేదు, ఒక పుస్తకం ఉంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో నెస్ అనే వీధిలో డిర్క్ వాన్ ఓస్ అనే డైరెక్టర్ ఇంట్లో ఆ పుస్తకం పెట్టారు. 1602 ఆగస్టు నెలంతా తెరిచి ఉంది. మీరు వెళ్లి, పేరు చెప్పి, ఎంత పెడతారో చెబితే గుమాస్తా రాసుకుంటాడు. డబ్బు అప్పటికప్పుడు కట్టక్కర్లేదు, తర్వాత వాయిదాల్లో కట్టొచ్చు.

ఆగస్టు 31, ఆఖరి రోజు. మన దగ్గర మూడో రోజు సాయంత్రం అప్లికేషన్లు ఎగబడినట్టే, అక్కడా ఆ రోజు ఎగబడ్డారు. పుస్తకం మూసే ముందు రాయించుకున్న చివరి పేర్లలో ఒకటి నీల్త్‌హెన్ కోర్నెలిస్. ఆవిడ ఎవరో తెలుసా? ఆ ఇంట్లో పనిమనిషి. నెలంతా వచ్చేపోయే వ్యాపారుల్ని చూసింది, వాళ్ల మాటలు విన్నది. ఆఖరికి తనూ వంద గిల్డర్లు రాయించింది. అలాంటి పనిమనిషికి రోజుకి అర గిల్డర్ కూడా వచ్చేది కాదు. అంటే అది ఆరేడు నెలల కూలి కంటే ఎక్కువే.

ఆ పుస్తకంలో 1,143 పేర్లు చేరాయి. ఆమ్‌స్టర్‌డామ్ ఒక్క ఊళ్లోనే 36 లక్షల గిల్డర్లకు పైగా వచ్చాయి. మిడిల్‌బర్గ్, డెల్ఫ్ట్, రోటర్‌డామ్, హోర్న్, ఎంక్‌హౌజెన్ ఊళ్లలోనూ ఇలాంటి పుస్తకాలే పెట్టారు. అన్నీ కలిపితే 64 లక్షలకు పైగా గిల్డర్లు. అప్పటికే ఉన్న ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ తన మొదటి యాత్రకి పోగుచేసుకున్న డబ్బు ఇందులో పదో వంతు చుట్టుపక్కల ఉంటుంది.

మరి ఇన్ని వందల మంది ధైర్యంగా ఎందుకు డబ్బు పెట్టారు? రెండు మాటలు వాళ్లకి భరోసా ఇచ్చాయి.

మొదటిది, పదేళ్ల తర్వాత, అంటే 1612లో, కంపెనీ మొత్తం లెక్కలు చూపిస్తుంది. కావాలనుకున్న వాళ్లు అప్పుడు తమ డబ్బు వెనక్కి తీసుకుని వెళ్లిపోవచ్చు.

రెండోది, పుస్తకం మొదట్లోనే రాసి ఉన్న ఏర్పాటు. మధ్యలో ఎవరికైనా డబ్బు అవసరమైతే తమ వాటాని ఇంకొకరికి బదిలీ చేయొచ్చు. గుమాస్తా దగ్గరికి ఇద్దరూ వెళ్లాలి, ఇద్దరు డైరెక్టర్లు ఒప్పుకోవాలి, పుస్తకంలో పేరు మారుతుంది. అంతే.

నేను కోడ్ రాసేవాణ్ని కాబట్టి నాకు ఇలా అనిపించింది. బయటికి వెళ్లడానికి రెండు తలుపులు పెట్టారు. పెద్ద తలుపు కంపెనీ వైపు, పదేళ్లకి తెరుచుకుంటుంది. రెండోది చిన్న కిటికీ లాంటిది, అత్యవసరానికి. ఇంకో మనిషి దొరికితే ఆ కిటికీలోంచి బయటపడొచ్చు.

ఆ కిటికీ చాలా తొందరగా తెరుచుకుంది. 1603 మార్చిలో యాన్ అలెర్ట్స్ అనే అతను తన వాటాని మారియా వాన్ ఎగ్‌మాంట్ అనే ఆవిడకి అమ్మేశాడు. మనకి తెలిసినంతలో షేర్ల కొనుగోలు అమ్మకాల్లో ఇదే మొదటిది. ఈ మారియా పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

ఆ డబ్బు బందరు వచ్చింది

ఇప్పుడు ఆ డబ్బు ఏమైందో చూద్దాం. 1603 డిసెంబర్‌లో స్టీవెన్ వాన్ డెర్ హాగెన్ నాయకత్వంలో ఒక నౌకాదళం బయల్దేరింది. ఇది పూర్తిగా వీఓసీ సిద్ధం చేసి పంపిన మొదటి దళం. అందులో డెల్ఫ్ట్ అనే ఓడ 1605లో మచిలీపట్నం రేవుకి వచ్చింది. మేం బందరు అంటాం.

ఆలోచించండి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక పనిమనిషి పుస్తకంలో పేరు రాయించుకున్న మూడేళ్లకి ఆ డబ్బులో ఒక ముక్క కృష్ణా తీరానికి వచ్చింది. అప్పుడు ఇక్కడ గోల్కొండ రాజ్యం. రాజు మహమ్మద్ కులీ కుతుబ్‌షా, చార్మినార్ కట్టించిన ఆయనే. 1606లో ఆయన నుంచి డచ్ వాళ్లకి వ్యాపారం చేసుకునే అనుమతి దొరికింది. మచిలీపట్నంలో, నిజాంపట్నంలో గిడ్డంగులు, ఆఫీసులు పెట్టారు.

వాళ్లకి కావాల్సింది లవంగాలు, జాజికాయ కదా, అవి ఇక్కడ పండవు కదా, మరి ఇక్కడికెందుకు వచ్చారు? ఎందుకంటే అవి పండే దీవుల్లో, అంటే ఇప్పటి ఇండోనేషియాలో, జనానికి యూరప్ సరుకు మీద పెద్దగా మోజు లేదు. వాళ్లకి కావాల్సింది మన బట్ట. చిరివేరుతో ఎర్రరంగు వేసిన బట్ట, చేత్తో బొమ్మలు వేసిన బట్ట, మామూలు నేత బట్ట కూడా. కాబట్టి లెక్క ఇలా నడిచింది: యూరప్ నుంచి వెండి తేవాలి, బందరులో బట్ట కొనాలి, దీవుల్లో బట్ట ఇచ్చి సుగంధ ద్రవ్యాలు తీసుకోవాలి, వాటిని యూరప్‌లో అమ్మాలి. మన కోరమండల్ తీరం ఆ దీవుల వ్యాపారానికి ఎడమ చెయ్యి లాంటిదని డచ్ అధికారి ఒకడు అప్పట్లోనే పోల్చాడు. ఈ బట్ట లేకపోతే అక్కడ వ్యాపారమే లేదని వాళ్లకి తెలుసు.

తర్వాత రోజుల్లో పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం వరకు డచ్ వాళ్లు పాకారు. ఈ వాటాల పద్ధతి కూడా వాళ్లతో పాటు వచ్చింది. 17వ శతాబ్దం రెండో సగంలో, బట్ట సరఫరా చేసే మన తీరం వ్యాపారులు డచ్ వాళ్ల ప్రోత్సాహంతో డబ్బు వాటాలుగా వేసుకుని, కలిసి కంపెనీల్లా పనిచేసిన సందర్భాలున్నాయి. షేర్ అనే ఆలోచన మన దగ్గరికి బొంబాయి మీదుగా వచ్చిందని నేను అనుకునేవాణ్ని. మన తీరానికి అంతకు చాలా ముందే తెలుసు.

బందరులో ఇప్పటికీ డచ్ సమాధులున్నాయి. చిన్నప్పుడు ఎన్నోసార్లు ఆ పక్క నుంచి వెళ్లా. ఎవరో తెల్లోళ్ల సమాధులు అనుకోవడమే తప్ప, అక్కడ పడుకున్న వాళ్లని ఇక్కడిదాకా తెచ్చింది ఒక ఐపీఓ డబ్బని నాకు తెలీదు. ఇక మా నాన్న చేసే అద్దకం, ఆ పాత బట్టల వ్యాపారానికి దూరపు చుట్టమే.

1612: పెద్ద తలుపు తెరుచుకోలేదు

సరే, మళ్లీ ఆమ్‌స్టర్‌డామ్. షేర్‌హోల్డర్లు ఎదురుచూస్తున్నారు. ఏళ్లు గడుస్తున్నాయి, లాభాల్లో పంపకం లేదు. కంపెనీ డబ్బంతా ఓడలు, కోటలు, తుపాకుల మీద పెడుతోంది. మేం వ్యాపారానికి ఇచ్చాం గానీ యుద్ధానికి కాదు అని కొందరికి కోపం. హింసను ఒప్పుకోని మెన్నొనైట్ క్రైస్తవులు కొందరు తమ షేర్లు అమ్మేసుకుని వెళ్లిపోయారు. ఏ దారిలో వెళ్లారో చూడండి: ఆ చిన్న కిటికీలోంచే.

ఐజాక్ ల మేర్ అనే ఆయన మాత్రం ఊరుకోలేదు. 1602లో 85 వేల గిల్డర్లు పెట్టిన అతి పెద్ద షేర్‌హోల్డర్, కంపెనీ డైరెక్టర్ కూడా. డబ్బు లెక్కల్లో గొడవ వచ్చి 1605లో బయటికి పంపేశారు. 1609లో కంపెనీ నడిచే తీరు బాగాలేదని ఓల్డెన్‌బార్నెవెల్ట్‌కి ఫిర్యాదు రాశాడు. అదే ఏడాది కొంతమందిని రహస్యంగా కూడగట్టి, తమ దగ్గర లేని షేర్లని కూడా తర్వాత ఇస్తాం అని ముందే అమ్మడం మొదలుపెట్టాడు. ధర పడిపోతే తక్కువకి కొని ఇచ్చేసి, మధ్యలో తేడా జేబులో వేసుకోవచ్చు. ఇవాళ మనం షార్ట్ సెల్లింగ్ అంటున్నది ఇదే. ధర నిజంగానే పడింది. కంపెనీ డైరెక్టర్లు ప్రభుత్వం దగ్గరికి పరిగెత్తారు. 1610 ఫిబ్రవరిలో, చేతిలో లేని షేర్లు అమ్మకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది. అంటే ఐపీఓ వచ్చి ఎనిమిదేళ్లు కూడా నిండకముందే షార్ట్ సెల్లింగూ వచ్చేసింది, దాని మీద బ్యానూ వచ్చేసింది.

అదే 1610లో కంపెనీ మొట్టమొదటి డివిడెండ్ ప్రకటించింది. పెట్టిన డబ్బులో 75 శాతం! వినడానికి అదిరిపోయింది కదా? కానీ డబ్బు రూపంలో కాదు, జాపత్రి రూపంలో. అవును, బిర్యానీలో వేసే జాపత్రే. అందరికీ ఒకేసారి బస్తాలు ఇస్తే బజారులో దాని ధర ఏమవుతుంది? అందుకే చాలామంది వద్దన్నారు, మాకు డబ్బే కావాలన్నారు.

ఇక 1612 వచ్చింది. పదేళ్లు నిండాయి. చార్టర్‌లో రాసిన ప్రకారం లెక్కలు చూపించాలి, అడిగిన వాళ్లకి డబ్బు తిరిగివ్వాలి.

కంపెనీ ఇవ్వలేదు.

డైరెక్టర్ల వాదన వాళ్లకుంది. డబ్బంతా సముద్రం మీద ఓడల్లో, దీవుల్లో కోటల్లో, బందరు లాంటి చోట్ల గిడ్డంగుల్లో ఉంది. ఇప్పుడు లెక్క తేల్చాలంటే అవన్నీ అమ్మేయాలి. శత్రువులు చుట్టూ ఉన్నప్పుడు కోటని సగం అమ్మి డబ్బులివ్వగలమా? ప్రభుత్వానికి కూడా ఆ కోటలే కావాలి. కాబట్టి ప్రభుత్వం ఆ షరతు నుంచి కంపెనీకి మినహాయింపు ఇచ్చేసింది. డబ్బు కావాల్సిన వాళ్లు షేర్ అమ్ముకోవచ్చు కదా, బజారు ఉంది కదా అన్నారు. అంతకు ఏడాది ముందే, 1611లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో కొత్త ఎక్స్ఛేంజ్ భవనం కూడా తెరిచారు.

అలా పెద్ద తలుపు మూసుకుపోయింది. అత్యవసరానికి పెట్టిన కిటికీ ఒక్కటే దారి అయ్యింది. ఇవాళ మనం స్టాక్ మార్కెట్ అంటున్నది ఆ కిటికీనే.

మా నాన్న ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇది. కంపెనీ బాగానే ఉన్నా నీ డబ్బు నీకు తిరిగివ్వదు. ఎందుకంటే ఆ డబ్బు తిరిగివ్వక్కర్లేదు అన్న నమ్మకం మీదే అది ఓడ కడుతుంది, ఫ్యాక్టరీ కడుతుంది, పదేళ్ల ప్రాజెక్టు మొదలుపెడుతుంది. నీకు డబ్బు కావాలంటే నీ స్థానంలోకి వచ్చే ఇంకో మనిషిని వెతుక్కోవాలి. ఆ మనిషి ఎంతకి వస్తే అదే ధర. అవును, ఇప్పుడు బైబ్యాక్ అనేది ఉంది. కానీ అది ఎప్పుడు చేయాలి, ఎంతకి చేయాలి అనేది కంపెనీ ఇష్టం. మనం అడిగితే వచ్చేది కాదు.

తిరిగివ్వక్కర్లేని డబ్బు ఏం చేసింది

ఈ పద్ధతి మంచిదా చెడ్డదా? రెండు వైపులా చూడాలి.

ఒక వైపు, ఆ స్థిరమైన డబ్బు వల్లే వీఓసీ దాదాపు 200 ఏళ్లు బతికింది. అదే సమయంలో ఇంగ్లిష్ కంపెనీ మొదట్లో ఒక్కో యాత్రకి విడివిడిగా డబ్బు పోగుచేసుకుంటూ ఇబ్బంది పడింది. తర్వాత అదీ ఈ శాశ్వత పెట్టుబడి దారికే వచ్చింది. ఇవాళ రైలు మార్గాలైనా, మందుల పరిశోధన అయినా, రెండేళ్లలో లెక్క తేల్చమంటే ఎవరూ మొదలుపెట్టలేరు.

ఇంకో వైపు బాండా దీవులు. అప్పట్లో ప్రపంచంలో జాజికాయ పండేది అక్కడ మాత్రమే. అక్కడి జనం డచ్ వాళ్లకి మాత్రమే అమ్మం, అందరికీ అమ్ముతాం అన్నారు. 1621లో వీఓసీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌జూన్ కూన్ సైన్యంతో దిగాడు. ఆ దీవుల్లో సుమారు 15 వేల మంది ఉండేవాళ్లని, ఆ తర్వాత మిగిలింది వెయ్యి మంది చుట్టుపక్కలే అని చరిత్రకారుల అంచనా. చంపేశారు, బానిసలుగా పట్టుకెళ్లారు, ఆకలితో చనిపోయారు, కొందరు పారిపోయారు. ఆ తోటల్లో తర్వాత బానిసలతో పని చేయించారు.

ఆమ్‌స్టర్‌డామ్‌లో షేర్ పట్టుకున్న మనిషికి అదేమీ కనపడదు. తనకి కనపడేది ధర, డివిడెండ్. నెస్ వీధి ఇంట్లో పేరు రాయించుకున్న ఆ పనిమనిషికి బాండాలో ఏం జరగబోతోందో తెలిసే అవకాశమే లేదు. కానీ కంపెనీ ఎలా నడవాలో నిర్ణయించే పెద్ద వాటాదారులకి, డైరెక్టర్లకి ఆ మాట వర్తించదు.

1622 వచ్చేసరికి మొదటి 21 ఏళ్ల గడువు ముగుస్తోంది. షేర్‌హోల్డర్లు కరపత్రాలు వేశారు. లెక్కలు చూపించండి, డైరెక్టర్లు సొంత లాభం చూసుకుంటున్నారు అని గట్టిగా అరిచారు. కొన్ని మార్పులు దక్కాయి. డైరెక్టర్ల పదవికి కాలపరిమితి పెట్టారు, పెద్ద షేర్‌హోల్డర్లు కొందరికి లెక్కలు చూసే వీలు ఇచ్చారు. చిన్నవాళ్లకి మాత్రం పెద్దగా ఏమీ దక్కలేదు. ఇవాళ మనం ఫోన్‌లో ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకునే ప్రాస్పెక్టస్, మూడు నెలలకోసారి వచ్చే ఫలితాలు, ఇవన్నీ అప్పుడు వాళ్లు అడిగి దక్కించుకోలేనివి. మనం తెరిచి కూడా చూడనివి. నేనైతే 2021లో తెరవలేదు, ఒప్పుకుంటున్నా.

వీఓసీ కథ చివరికి అప్పుల్లో ముగిసింది. 1780లలో ఇంగ్లండ్‌తో యుద్ధం గట్టి దెబ్బ కొట్టింది. 1796లో ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది, 1799 ఆఖరుకి కంపెనీ ముగిసిపోయింది.

ఒక చిన్న విషయం చెప్పి ముగింపుకి వస్తా. 2010లో ఒక డచ్ విద్యార్థి హోర్న్ ఊళ్లో పాత కాగితాల భాండాగారంలో వెతుకుతుంటే ఒక కాగితం దొరికింది. 1606 సెప్టెంబర్ 9 తేదీ. ఎంక్‌హౌజెన్‌లో పీటర్ హార్మెన్స్ అనే ఆయన తన వాటా ఆఖరి వాయిదా కట్టినందుకు ఇచ్చిన రసీదు. మొత్తం 150 గిల్డర్లు. ఇప్పటివరకు దొరికిన వాటిలో ప్రపంచంలోనే పాత షేర్ కాగితం అది. రాజుదో, పెద్ద వ్యాపారిదో కాదు. మనలాంటి ఒక లాట్ మనిషిది.

మనం ఎవరి స్థానంలో నిలబడుతున్నాం

మారియాని గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఇప్పుడు చెప్తా. 1602లో పుస్తకంలో పేరు రాయించుకున్న వాళ్ల డబ్బు నేరుగా కంపెనీకి వెళ్లింది, దాంతో ఓడలు కదిలాయి. 1603లో మారియా కొన్నప్పుడు మాత్రం కంపెనీకి కొత్తగా ఏమీ రాలేదు. ఆవిడ అప్పటికే లోపలున్న ఒక మనిషి బయటికి వెళ్లడానికి దారి ఇచ్చింది.

ఇవాళ మన ఐపీఓలో ఈ రెండూ కలిసి ఉంటాయి. ఫ్రెష్ ఇష్యూ అంటే కొత్త షేర్లు, డబ్బు కంపెనీకి వెళ్తుంది. ఆఫర్ ఫర్ సేల్ అంటే పాత వాటాదారులు తమవి అమ్ముకుంటున్నారు, డబ్బు వాళ్ల జేబులోకి వెళ్తుంది. ప్రాస్పెక్టస్ మొదటి పేజీల్లోనే ఏది ఎంతో రాసి ఉంటుంది. ఆఫర్ ఫర్ సేల్ అనగానే తప్పేమీ లేదు, ఎప్పుడో రిస్క్ తీసుకున్నవాళ్లు ఇప్పుడు వెళ్లిపోవాలనుకోవడం న్యాయమే. కానీ మనం పుస్తకంలో పేరు రాయించుకునే నీల్త్‌హెన్ స్థానంలో ఉన్నామా, మారియా స్థానంలో ఉన్నామా అన్నది తెలుసుకుని ఓకే నొక్కాలి. ఫ్రెష్ ఇష్యూ అయితే ఆ డబ్బుతో ఏం చేస్తారో కూడా అందులోనే రాస్తారు. కొత్త ఫ్యాక్టరీయా, పాత అప్పు తీర్చడమా, ఇంకేదైనానా. 2021లో నేను ఈ రెండు పేజీలు చదివి ఉంటే నా నాలుగు వేలు మిగిలేవని చెప్పను. కనీసం ఎవరికి ఇస్తున్నానో తెలిసి ఇచ్చేవాణ్ని.

ఇదంతా చదివాక మొన్న పెడన వెళ్లినప్పుడు నాన్నకి ఈ కథ మొత్తం చెప్పా. ఆమ్‌స్టర్‌డామ్, పనిమనిషి, బందరు ఓడ, 1612, అన్నీ. బాండా దగ్గర కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు:

"అయితే నువ్వు వాళ్లకి అప్పివ్వలేదన్నమాట. పొలంలో వాటా కొన్నావు. వాటా వద్దనుకుంటే పొలం నీకు డబ్బులివ్వదు. కొనేవాడు రావాలి. వచ్చేవాడు పంట చూసి వస్తాడు."

ఇన్ని పుస్తకాలు తిరగేసి నేను చెప్పింది ఆయన నాలుగు ముక్కల్లో తేల్చేశారు. ఆ తర్వాత ఇంకో ప్రశ్న వేశారు.

"సరే, ఆ పొలంలో ఏం పండిస్తున్నారో, ఎవరి చేత పండిస్తున్నారో నువ్వు ఎప్పుడైనా వెళ్లి చూశావా?"

దీనికి కూడా నా దగ్గర సమాధానం లేదు. ఆ షేర్ ఇంకా నా డీమ్యాట్‌లోనే ఉంది. ఆ రాత్రి కూర్చుని ఆ కంపెనీ వార్షిక నివేదిక మొదటిసారి తెరిచాను. 300 పేజీల పైనే ఉంది. ఇప్పటికి సగం అయ్యింది.

మీ డీమ్యాట్‌లో కూడా అలాంటిది ఒకటి ఉంటే, ఈ వారం దాని ప్రాస్పెక్టస్ తీసి, డబ్బు ఎవరికి వెళ్లిందో ఒక్కసారి చూడండి. ఏం కనపడిందో నాకూ చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.